'మేం చేశాం' అనే మనిషికి ఉద్యోగం: ఒక హవల్దారు కేసు

ఈ కేసు రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. పేరు, ఊరు, యూనిట్, కంపెనీ ఏవీ బయటపెట్టనని మాటిచ్చాను. ఇక్కడ ఆయన్ని అప్పారావు గారు అంటాను. ఆయన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. జరిగిన వరస, నేను చేసిన పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

నేను బెంగళూరులో కెరీర్ కౌన్సెలింగ్ చేస్తాను. అంతకుముందు పన్నెండేళ్లు గోడౌన్లు నడిపే ఒక కంపెనీలో హెచ్‌ఆర్ చూశాను. ఈ ఊళ్లో సైన్యం ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది. హలసూరు చెరువు పక్కన మద్రాస్ శాపర్ల (సైన్యంలో ఇంజినీర్ల దళం) సెంటర్, ఇంకా ఆర్మీ సర్వీస్ కోర్ సెంటర్, పారా రెజిమెంట్, మిలిటరీ పోలీసుల శిక్షణ కేంద్రాలు ఇక్కడే ఉన్నాయి. ఆఖరి పోస్టింగ్ ఇక్కడ పడి, పిల్లల చదువుల కోసం ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు రామమూర్తి నగర్, కె.ఆర్.పురం, హొరమావు వైపు చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంటి నుంచే ఈ కేసు నా దగ్గరకు వచ్చింది.

నేపథ్యం

అప్పారావు గారిది ఉత్తరాంధ్ర. 19 ఏళ్లకు సైన్యంలో చేరారు. 24 ఏళ్ల సర్వీసు తర్వాత హవల్దారుగా రిటైర్ అయ్యేనాటికి వయసు 43. పని ఆర్మీ సర్వీస్ కోర్‌లో, స్టోర్‌కీపరు. అంటే రేషన్, కిరోసిన్, డబ్బా సరుకు రావడం, నిల్వ పెట్టడం, ఇవ్వడం, లెక్క చూపడం. చదువు ఇంటర్. పెన్షన్ వస్తుంది. ఒకేసారి చేతికొచ్చిన డబ్బులో ఎక్కువ భాగం ఊళ్లో ఇల్లు కట్టడానికి పెట్టేశారు. కూతురు ఇక్కడ పీయూసీ, అంటే మన ఇంటర్, చదువుతోంది.

ఆయన ఒంటరిగా రాలేదు, భార్య తీసుకొచ్చారు. ఆయన ప్లాస్టిక్ ఫైలు తీసి డిశ్చార్జి బుక్, పెన్షన్ పత్రం, మాజీ సైనికుడి కార్డు, కోర్సు సర్టిఫికెట్లు ఒక్కొక్కటే వరసగా టేబుల్ మీద పెట్టారు. ఫైలు మొదటి పేజీలో తన చేతిరాతతో విషయసూచిక ఉంది. ఏ కాగితం ఎన్నో నంబరు పేజీలో ఉందో రాసుకున్నారు. అది చూసి 'మనిషి పద్ధతిగా ఉన్నారు' అనుకుని ఊరుకున్నాను. ఆయన ఉద్యోగార్హత మొత్తం ఆ ఒక్క పేజీలోనే ఉందని నాకు అర్థమవడానికి నాలుగు నెలలు పట్టింది.

సమస్య

ఆయన మాట్లాడలేదు, ఆవిడే చెప్పారు. "ఇంట్లో ఉన్నారన్నమాటే గానండి, ఉన్నట్టుండదు మేడమ్. పొద్దున్నే నాలుగున్నరకి లేచి బూట్లు పాలిష్ చేసుకుంటారు. ఎక్కడికెళ్లాలని?"

రిటైరై అప్పటికి 14 నెలలు. అందులో మొదటి ఎనిమిది నెలలు బ్యాంకు క్లర్కు పరీక్షల కోచింగ్‌కు పోయాయి. కోచింగ్‌లో పక్కన కూర్చున్నవాళ్లకు ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు. తర్వాత తెలిసినవాళ్ల ద్వారా ఒక అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేరి ఐదు వారాలకు మానేశారు. పన్నెండు గంటల డ్యూటీకి ఆయన వెనకాడే మనిషి కాదు. "అక్కడ నాకు తెలిసిందేదీ వాళ్లకి అక్కర్లేదు మేడమ్. మనిషి నిలబడి ఉంటే చాలు" అన్నారు. మొదటి రోజు ఆయన సొంతంగా చెప్పిన పెద్ద వాక్యం అదొక్కటే.

సెక్యూరిటీ పనిని నేను తక్కువ చేయను. దాన్ని కోరుకుని, బాగా చేసి, పైకి వెళ్లిన మాజీ సైనికులు నా దగ్గరే ఉన్నారు. కానీ యూనిఫాం వదిలిన ప్రతి మనిషినీ ముందు గేటు దగ్గరకే పంపే అలవాటు మనకుంది. ఆ మనిషి ఇన్నేళ్లూ ఏం చేశాడని ఎవరూ అడగరు. వైర్‌లెస్ సెట్లు బాగు చేసినవాడికీ, ఆసుపత్రి వార్డు నడిపినవాడికీ, వెయ్యి రకాల సరుకు లెక్క చూసినవాడికీ అదే గేటు, అదే కుర్చీ. ఇది నన్ను బాధపెట్టే విషయం.

పరీక్షల సంగతి ముందు తేల్చుకున్నాం

ఆయన మనసులో ప్రభుత్వ ఉద్యోగమే ఉంది. దాన్ని కాదనడం నా పని కాదు. మాజీ సైనికులకు రిజర్వేషన్ ఉంది. కేంద్ర ప్రభుత్వ శాఖల్లో గ్రూప్ సి పోస్టుల్లో 10 శాతం, ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో ఆ స్థాయి పోస్టుల్లో 14.5 శాతం. వయసులోంచి సర్వీసు తీసేసి లెక్క కడతారు, ఆపైన మరో 3 ఏళ్ల వెసులుబాటు. ఆయనకు రిటైరయ్యేనాటి 43లోంచి 24 పోతే 19, ఆ తర్వాతి 14 నెలలు కలిపినా ఇరవై చిల్లర. వయసు అడ్డమే కాదు. అడ్డమల్లా పోటీ, ఖాళీల సంఖ్య, ఎప్పుడు వస్తాయో తెలియని నోటిఫికేషన్లు.

మరి కోచింగ్‌కు పోయిన ఆ ఎనిమిది నెలల్లో ప్రైవేటు ఉద్యోగం ఎందుకు చూడలేదని అడిగాను. ప్రైవేటులో చేరితే మాజీ సైనికుడి కోటా పోతుందని కోచింగ్‌లో ఎవరో చెప్పారట. ఇది నేను చాలామంది నోట విన్నాను. ఆ కోటా ప్రభుత్వంలో రెగ్యులర్ సివిల్ ఉద్యోగంలో చేరాక ఆగుతుంది. ప్రైవేటు కంపెనీలో పనిచేస్తే పోదు. నా మాట మీద వదిలేయకుండా రెసిడెన్సీ రోడ్డులోని సైనిక సంక్షేమ శాఖ కార్యాలయానికి వెళ్లి అడిగి రమ్మన్నాను. సర్వీసు మనిషికి కాగితమో ఆఫీసో చెబితేనే స్థిరపడుతుంది, అది సబబే. రెండు రోజులకు వచ్చి "పోదంట మేడమ్" అన్నారు. భుజాల మీంచి ఏదో దిగినట్టుంది ఆ గొంతు.

ఏడాదికి రెండు పరీక్షలకు మించకుండా రాయడం, మిగతా సమయం ఉద్యోగానికి ఇవ్వడం అని ఒప్పందం చేసుకున్నాం. పూర్తిగా మానేయమంటే ఆయన మానేవారు కాదు, నాతో చెప్పకుండా చదివేవారు.

నేను చేసిన మొదటి తప్పు: రెజ్యూమే

హెచ్‌ఆర్‌లో ఉన్నదాన్ని కాబట్టి కంపెనీ చూసేదేంటో నాకు తెలుసనుకున్నాను. డిశ్చార్జి బుక్ చూసి ఒక సాయంత్రం కూర్చుని ఆయన రెజ్యూమే నేనే రాసేశాను. స్టోర్‌కీపర్ అన్న చోట 'ఇన్వెంటరీ ఆపరేషన్స్ లీడ్' అన్నాను. రేషన్ ఇష్యూ అన్న చోట 'ఎండ్ టు ఎండ్ సప్లై చైన్' అన్నాను. చూడ్డానికి చాలా బాగుంది. మూడు వారాల్లో ఒక పెద్ద లాజిస్టిక్స్ కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది కూడా.

ఇంటర్వ్యూ పదిహేను నిమిషాల్లో అయిపోయింది. 'మీరు లీడ్ చేసిన ఒక ప్రాసెస్ మార్పు చెప్పండి' అంటే ఆయన 'ఆర్డర్ ప్రకారం చేశాం సర్' అన్నారట. రెజ్యూమేలోని ఒక మాటకు అర్థం అడిగితే చెప్పలేకపోయారు. బయటికొచ్చి నాకు ఫోన్ చేశారు. కోపం లేదు, నిదానంగానే అన్నారు: "మేడమ్, ఆ కాగితంలో ఉన్న మనిషిని నేను ఎరగను."

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆయన పనిని పెద్దది చేసి చూపిస్తున్నాననుకున్నాను. నిజానికి ఆయన చేసిన పనిని తుడిచేసి, దాని మీద నాకు తెలిసిన మాటలు రాశాను.

రెండో తప్పు ఇంకా పెద్దది

సైన్యంలో 15 ఏళ్లు చేసి మెట్రిక్ పాసైనవారికి గ్రాడ్యుయేషన్‌తో సమానమని ఒక సర్టిఫికెట్ ఇస్తారు. టెక్నికల్ అర్హత అక్కర్లేని గ్రూప్ సి ఉద్యోగాలకు అది డిగ్రీలాగే చెల్లుతుంది. అప్పారావు గారికి అది ఉంది. ప్రైవేటు కంపెనీల ఆన్‌లైన్ ఫారాల్లో మాత్రం 'డిగ్రీ' అన్న గడి దగ్గర అవును, కాదు రెండే ఉంటాయి. అవును కొట్టమన్నది నేనే. ఒక చోట ఇంటర్వ్యూ గట్టెక్కింది, ఆఫర్ నోటిమాటగా చెప్పారు. తర్వాత వివరాలు సరిచూసే ఏజెన్సీ యూనివర్సిటీ పేరు, రోల్ నంబరు అడిగింది. అవి ఉండవు కదా. వాళ్ల రిపోర్టులో 'విద్యార్హత సరిపోలలేదు' అని వచ్చింది, ఆఫర్ ఆగిపోయింది.

నాకది ఒక పోయిన ఆఫర్. ఆయనకు అంతకన్నా చాలా పెద్ద దెబ్బ. నా ఎదురుగా కూర్చుని డిశ్చార్జి బుక్ తెరిచి, ప్రవర్తన 'ఎగ్జెంప్లరీ' అని రాసిన చోట వేలు పెట్టారు. "24 ఏళ్లలో నా మీద ఒక్క రెడ్ ఇంక్ ఎంట్రీ లేదు మేడమ్. ఇప్పుడు అబద్ధం చెప్పినోడినైపోయాను." సైన్యంలో శిక్ష పడితే రికార్డులో ఎర్ర సిరాతో పడుతుంది. ఆ మాటకున్న బరువు ఆయన మొహంలో కనిపించింది. క్షమించమని అడిగాను. ఆ రోజుతో ఆయన రావడం మానేస్తారనుకున్నాను. వారం తర్వాత ఆవిడే ఫోన్ చేసి "మళ్లీ వస్తామండి" అన్నారు.

అప్పట్నుంచి ఎవరి రెజ్యూమేలోనైనా 'ఇంటర్ పాస్. సైన్యం జారీ చేసిన గ్రాడ్యుయేషన్ సమాన సర్టిఫికెట్ ఉంది' అని రెండు విడి వాక్యాలుగా రాయిస్తున్నాను. గడి ఉన్న చోట ఇంటర్ అనే పెట్టిస్తాను. దీనివల్ల కొన్ని ఫారాలు మొదటి మెట్టులోనే తిరగ్గొడతాయి, నిజమే. చేతికొచ్చాక పోవడం కన్నా అది నయం.

దారి మారిన చోటు

రెజ్యూమే పక్కన పెట్టి తెలుగులోకి వచ్చాం. మూడు శనివారాలు ఇంగ్లీషు మాటల జోలికి పోలేదు. మొదటి శనివారం ఒకటే అడిగాను: "మీ సర్వీసులో బాగా జరిగిన రోజు వద్దు. పని బాగా చెడిపోయిన రోజు ఒకటి చెప్పండి." బాగా జరిగిన రోజు గురించి అడిగితే సైనికుడు ఆ గొప్ప యూనిట్‌కి ఇచ్చేసి తప్పుకుంటాడని అప్పటికి గమనించాను. చెడిపోయిన రోజైతే ఎవరేం చేశారో చెప్పక తప్పదు.

ఎత్తైన కొండ ప్రాంతంలో ఉన్నప్పటి సంగతి చెప్పారు. మంచుకు కనుమ మూసుకుపోయే లోపు చలికాలమంతటికీ కావలసిన సరుకు పైకి చేరిపోవాలి. అది చేరింది. మర్నాడు పైవాళ్లు స్టాకు లెక్కకు వస్తారనగా, కిరోసిన్ జెర్రీక్యాన్లు ఎత్తుతుంటే ఒకటి చేతికి తేలిగ్గా అనిపించింది.

"తూచాం మేడమ్. పద్నాలుగింట్లో తక్కువుంది. సీలు బాగానే ఉంది, అడుగున అతుకు దగ్గర కారింది."

"ఎవరు తూచారు?"

"మేం తూచాం."

"మేం అంటే?"

"నేను, ఇద్దరు కుర్రాళ్లు."

"తూచాలని ఎవరన్నారు?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కిటికీలోంచి చూసి, చేతులు చూసుకుని, "నేనే" అన్నారు.

ఆ రాత్రి ఏం చేశారని అడిగాను. మిగతా క్యాన్లలోంచి కొంచెం కొంచెం పోసి సర్దేయొచ్చని ఒకరు అన్నారట. ఈయన ఒప్పుకోలేదు. ఏ క్యానులో ఎంత తక్కువో రాసి, సంతకం పెట్టి, రాత్రికి రాత్రే పైకి తెలియజేశారు. తిట్లు పడ్డాయి. తర్వాత లాస్ స్టేట్‌మెంట్ (నష్టం వివరాల పత్రం) రాసి, పద్ధతి ప్రకారం లెక్క సరిచేశారు. అది చెబుతున్నప్పుడు ఆయన గొంతులో గర్వం లేదు, చాకలి పద్దు చదివినట్టు చెప్పారు. గోడౌన్ల కంపెనీలో పన్నెండేళ్లు చేసిన నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. లెక్కలో తేడా వస్తే దాచకుండా అదే రాత్రి రాసే మనిషి కోసం మేం ఏళ్ల తరబడి వెతికేవాళ్లం.

'నేనే' అన్న ఆ మాటతోనే అసలు పని మొదలైంది. మిగతా శనివారాల్లో ఇలాంటివి పదకొండు సంగతులు రాసుకున్నాం. ఒక్కోదాంట్లో 'నేను' అన్న మాట ఎక్కడ నిజమో, 'మేం' ఎక్కడ నిజమో విడదీశాం. అన్నిచోట్లా 'నేను' పెట్టలేదు. ఆయన చేయనిది ఆయన ఖాతాలో వేస్తే మళ్లీ పాత తప్పే అవుతుంది.

అంకెల దగ్గర మాకు పేచీ వచ్చింది. అంకె లేని రెజ్యూమే బలంగా ఉండదని నేను. ఎక్కడ, ఎంతమందికి ఎంత సరుకు అన్నది బయట రాయకూడదని ఆయన. ఆయనే రైటు. చోటు, సైనికుల సంఖ్య, నిల్వల మోతాదు ఏవీ రాయలేదు. తన కింద ఎంతమంది పనిచేశారు, ఎన్ని రకాల సరుకు చూశారు, ఎన్నేళ్లు ఆడిట్ అభ్యంతరం లేకుండా నడిచింది, ఇవి మాత్రం రాశాం. కంపెనీకి అది సరిపోయింది.

హిందీ, ఎక్సెల్

నేను ఒక నెల ఇంగ్లీషు మీద వృథా చేశాను. స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకు పంపాను, ఆయన మొహమాటంతో వెళ్లారు. బెంగళూరు శివార్లలోని హొసకోట గోడౌన్లలో ఒకసారి తిరిగితే తెలిసిపోయేది. పికింగ్, ప్యాకింగ్ చేసే కుర్రాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా, జార్ఖండ్, అస్సాం నుంచి వచ్చినవాళ్లు. లారీ డ్రైవర్లలో, లోడింగ్ వాళ్లలో కోలారు, ముళబాగిలు, చింతామణి వైపు వాళ్లుంటారు, వాళ్లకు తెలుగు వస్తుంది. ఈయన హిందీ వాళ్ల ఊరివాడిలా మాట్లాడతారు. పైవాళ్లతో నాలుగు ఇంగ్లీషు ముక్కలు చాలు. అంటే ఆయనకు లేనిదాని మీద నెల ఖర్చుపెట్టి, ఉన్నదాన్ని రెజ్యూమేలో ఆఖరి లైనులో పడేశాను.

ఎక్సెల్ మాత్రం నిజంగానే కావాలి. రిటైర్‌మెంట్ ముందు పునరావాస డైరెక్టరేట్ తరఫున కోర్సులుంటాయి. ఆయన సెలవు కుదిరినప్పుడు ఖాళీ ఉన్న కోర్సేదో చేశారు, దానికీ ఈ పనికీ సంబంధం లేదు. సర్వీసులో ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఈ ఒక్కటీ పట్టించుకోండి: ఆ కోర్సు ఎంపిక గురించి కనీసం ఏడాది ముందే ఆలోచించండి.

ఎక్సెల్ నేర్పింది కూతురు. మొదట ఆ పిల్ల ఒప్పుకోలేదు. నాన్న సెలవులకు వచ్చినప్పుడు తప్ప ఇంట్లో ఉన్నది తక్కువ, ఇద్దరికీ మాటలు తక్కువ. రోజూ రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకు అని పెట్టుకున్నారు. ఆరు వారాల తర్వాత ఆయన తెచ్చిన షీటులో ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ ఉంది. బియ్యం, పప్పు, గ్యాస్ బండ, కొన్న తేదీ, అయిపోయే తేదీ, గడువు దగ్గరపడితే ఎర్రగా మారే గడి. "ఆ రంగు మారేది అమ్మాయి పెట్టింది" అన్నారు.

ఇంటర్వ్యూ బదులు సగం షిఫ్టు

ఇక్కడ తీసుకున్న నిర్ణయం ముఖ్యమైనది. మాటల్లో ఈయన ఓడిపోతారు, పనిలో గెలుస్తారు. అందుకని నాకు పరిచయమున్న ఒక గోడౌన్ మేనేజర్‌ని అడిగాను: ఇంటర్వ్యూ వద్దు, సగం షిఫ్టు ఇవ్వండి, ఒక వరస రాకులు (సరుకు పేర్చే అరలు) లెక్క పెట్టించండి. ఆయన ఆలోచించి సరేనన్నారు.

నేనూ వెళ్లాను. అప్పారావు గారికి స్కానర్ చేతికిచ్చి రెండు నిమిషాలు చూపించారు. ఆయన ముందు స్కానర్ వాడలేదు. రాకు దగ్గర నిలబడి ఒక్కో దొంతర పొడవు, వెడల్పు, ఎత్తు ఎన్నో చూసి, పైన విడిగా ఉన్నవి కలిపి చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నారు. తర్వాతే స్కాన్ చేశారు. గోడకు ఆనించి పేర్చిన దొంతర దగ్గర ఆగి, "దీన్ని నేను లెక్క పెట్టలేను సర్, వెనక్కి మనిషి పోలేడు. గోడకీ సరుక్కీ మధ్య రెండడుగులు వదలాలి. లేకపోతే తేమ పట్టినా, ఎలుక కొట్టినా తెలీదు" అని హిందీలో అన్నారు. సిస్టమ్‌కూ చేతి లెక్కకూ ఆరు కార్టన్లు తేడా వచ్చింది. స్కానర్‌లోనే సరిచేసే వీలుంది. ఆయన సరిచేయలేదు. కాగితం మీద రాసి, సమయం వేసి, సంతకం పెట్టి ఇచ్చారు. మేనేజర్ ఆ కాగితం వంక చూస్తూ కాసేపు ఉండిపోయారు.

జీతం దగ్గర ఊహించిందే జరిగింది. "మీకు పెన్షన్ వస్తుందిగా" అని 24 వేలు అన్నారు. దీనికి ముందే సిద్ధమయ్యాం. అద్దె, కాలేజీ ఫీజు, ఊళ్లో ఇంటి బాకీ అన్నీ వేసుకుంటే 28 వేలకు తగ్గకూడదని లెక్క తేలింది. జవాబు కూడా రెండు మూడుసార్లు నా ఎదుట చెప్పించాను: "పెన్షన్ నేను చేసిన 24 ఏళ్లకి సర్. ఈ జీతం రేపట్నుంచి చేయబోయే పనికి." 29 వేలకు కుదిరింది, ఆరు నెలల తర్వాత పెంచుతామన్నారు. షిఫ్ట్ ఇన్‌చార్జ్.

పందొమ్మిదో రోజు

ఉద్యోగం దొరకగానే కేసు మూసేస్తే ఇది విఫలమైన కేసయ్యేది.

చేరిన పందొమ్మిదో రోజు రాత్రి పదిన్నరకు ఫోన్ చేశారు. పని మానేస్తానన్నారు. ఆరు గంటల షిఫ్టుకు కుర్రాళ్లు ఆరు ఇరవైకీ, ఆరున్నరకీ వస్తున్నారు. రెండుసార్లు చెప్పి, మూడోరోజు అందర్నీ వరసలో నిలబెట్టి గట్టిగా తిట్టారు. మర్నాడు ఇరవై ఆరు మందిలో పదకొండు మంది రాలేదు. పక్క గోడౌన్‌లో రోజుకు ముప్పై రూపాయలు ఎక్కువిస్తున్నారు, అటు వెళ్లిపోయారు. ఆ రోజు లారీలు సాయంత్రం దాకా ఆగిపోయాయి. మేనేజర్ ఈయన్ని అడిగారు.

"డిసిప్లిన్ లేనోళ్లతో నేను చేయలేను మేడమ్."

నేను వెంటనే సలహా ఇవ్వలేదు. ఆ రాత్రంతా ఆలోచించాను. డిసిప్లిన్ గురించి అంటున్నారు గానీ, అసలు విషయం అది కాదనిపించింది. 24 ఏళ్లలో ఆయన కింద పనిచేసిన ఒక్క మనిషికి కూడా 'రేపట్నుంచి రాను' అనే వీల్లేదు. తిట్టినా, తిట్టకపోయినా పొద్దున రోల్‌కాల్‌కు మనిషి ఉంటాడు. ఇక్కడ మనిషి రోజూ పొద్దున కొత్తగా నిర్ణయించుకుని వస్తాడు. మాజీ సైనికులు మొదటి మూడు నెలల్లో ఉద్యోగం మానేయడం నేను చాలాసార్లు చూశాను. వెనక్కి తిరిగి చూస్తే వాటిలో సగానికి సగం ఇదే కారణం, నేను దాన్ని 'సర్దుకోలేకపోవడం' అని రాసి వదిలేశాను.

మర్నాడు కలిసినప్పుడు అడిగాను: "మొదటిసారి కొండ మీదికొచ్చిన కొత్త కుర్రాడు పనిలో వెనకబడితే ఏం చేసేవారు?"

"ముందు అన్నం తింటున్నాడా లేదా చూసేవాణ్ని. ఇంటికి ఫోన్ దొరుకుతోందా అడిగేవాణ్ని."

"తిట్టేవారా?"

"తర్వాత తిట్టేవాణ్ని" అని చెప్పి, ఆయనే ఆగిపోయారు.

ఆ ఆదివారం కుర్రాళ్లుండే గదులకు వెళ్లారు. ఒక్కో గదిలో ఎనిమిది మంది. ఆ వరస గదులన్నిటికీ ఒకటే కొళాయి, నీళ్లు ఐదున్నరకు వస్తాయి. స్నానం చేసి, షేర్ ఆటో పట్టుకుని ఆరుకు చేరడం కుదరదు. ఆయన మేనేజర్‌తో మాట్లాడి ఆ గదుల్లోవాళ్లకు షిఫ్టు ఆరు ఇరవైకి మొదలు, సాయంత్రం ఇరవై నిమిషాలు ఎక్కువ అని మార్పించారు. ఆరుకు వచ్చేవాళ్లతో డాక్ పని (లారీల దగ్గర సరుకు ఎక్కించడం, దించడం) మొదలుపెట్టించారు. వెళ్లిపోయిన పదకొండు మందిలో నలుగురు తిరిగొచ్చారు. మిగతావాళ్లు రాలేదు. ఆలస్యాలు పూర్తిగా పోలేదు, తగ్గాయి.

మొదటి మూడు నెలలు ప్రతి ఆదివారం సాయంత్రం ఇరవై నిమిషాలు ఫోన్‌లో మాట్లాడుకున్నాం. నేను ఎక్కువగా వినేదాన్ని. ఈ కేసులో నేను పెట్టిన సమయంలో అన్నిటికన్నా పనికొచ్చింది అదే. ఫీజు మాత్రం ఉద్యోగం దొరికేదాకానే తీసుకుంటున్నాం కాబట్టి మాలో ఎవరం దానికి సమయం కేటాయించం. ఇప్పుడు నేను ఫీజును రెండుగా విడగొట్టి, రెండో భాగం చేరిన తొంభై రోజుల తర్వాత తీసుకుంటున్నాను.

ఇప్పుడు

ఆయన చేరి పద్నాలుగు నెలలైంది. ఆరు నెలల తర్వాత పెంచుతామన్న జీతం తొమ్మిదో నెలలో పెరిగింది, అదీ అనుకున్నంత లేదు. బ్యాంకు పరీక్ష ఒకటి రాశారు, రాలేదు. ఇంకొకటి రాస్తారు. మేనేజర్లు కూర్చునే క్యాంటీన్ టేబుల్ దగ్గర ఇప్పటికీ కూర్చోరు. దాని గురించి నేను ఏమీ అనలేదు.

ఈ కేసు ఇప్పుడే రాయడానికి ఇంకో కారణముంది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద సైన్యంలో చేరినవాళ్లు నాలుగేళ్లకు బయటికొస్తారు. రెగ్యులర్‌గా ఉంచుకునేది 25 శాతం వరకే. మిగతావాళ్లకు దాదాపు 11.71 లక్షల సేవా నిధి వస్తుంది, పెన్షన్ ఉండదు. అప్పారావు గారు 14 నెలలు ఖాళీగా ఉన్నా ఇల్లు గడిచింది పెన్షన్ వల్లే. ఈ కుర్రాళ్లకు ఆ గడువు ఉండదు. వాళ్ల దగ్గర 24 ఏళ్ల పని కూడా ఉండదు, నాలుగేళ్లదే ఉంటుంది. ఆ నాలుగేళ్లలో ఏది తమ చేత్తో చేశారో రాసిపెట్టుకోమని, సర్వీసులో ఉండగానే, ఎవరో ఒకరు వాళ్లకు చెప్పాలి. నెలకు ఒక పేజీ చాలు. చోటు వద్దు, సంఖ్యలు వద్దు. ఏం చెడిపోయింది, నేనేం చేశాను, అంతే.

ఇది రాసి అప్పారావు గారికి చదవమని పంపాను. రెండు రోజులకు ఫోన్ చేశారు. భార్య మాట అలాగే ఉంచమన్నారు, కూతురి సంగతి ఉంచమన్నారు. ఒక్క చోట దిద్దమన్నారు. సగం షిఫ్టు రోజు తేడా వచ్చిన కార్టన్లు ఏడని రాశాను.

"ఏడు కాదు మేడమ్, ఆరు. ఒకటి సాయంత్రం కింది రాకు వెనక దొరికింది. మీరు అప్పటికి వెళ్లిపోయారు. రిజిస్టర్‌లో ఉంది."

పైన దిద్దాను.